తొందర లేని కుండ

పిల్లలూ, మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ ఒక కుండ తెచ్చింది. కుండ అంటే మన కుమ్మరి చేసే కుండ కాదు. బయట ఒక రేకు డొల్ల, అందులో బరువైన పింగాణీ పాత్ర, దానిమీద అద్దపు మూత. డొల్ల గోడలో కరెంటు తీగ చుట్టి ఉంటుంది. మీట తిప్పితే తీగ వేడెక్కుతుంది; ఆ వేడి పింగాణీకి పాకుతుంది; పింగాణీ నుంచి కూరకు పాకుతుంది. ఇదంతా ఎంత మెల్లగా జరుగుతుందంటే, పొద్దున ఆరు గంటలకు పెడితే పది గంటల దాకా లోపల ఏమన్నా జరుగుతున్నదా లేదా అని మనకు అనుమానం వస్తుంది. దాని పేరు స్లో కుక్కర్.

"బాపూ, పొద్దుగాల అన్నీ వేసి మరిచిపో. మాపటికి మూత తియ్యి, అంతే," అన్నది మా అమ్మాయి. కుండను మాకు అప్పగించి, తొమ్మిదేళ్ళ కొడుకును మా దగ్గర వదిలి, తాను అత్తగారి ఊరికి పోయింది.

నేను చాలా ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పని విరమించిన వాణ్ణి. ఇంటికి ఏ యంత్రం వచ్చినా దాని మర్మం తెలుసుకోనిదే నాకు నిద్ర పట్టదు. కుండను బోర్లించి అడుగున అతికించిన చీటీ చదివాను. 120 వోల్టులు, 200 వాట్లు అని ఉన్నది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. వోల్టులు రెట్టింపయితే తీగలో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఈ కుండను తిన్నగా మన గోడకు తగిలిస్తే మూడున్నర రెట్లకు మించిన వేడి పుట్టి తీగ మాడిపోతుంది. అందుచేత నేను సుల్తానాబాద్ నుంచి కరీంనగరుకు బస్సులో పోయి, 230 వోల్టులను 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనుక్కొచ్చాను. ఇంత తెలివి అందరికీ ఉండదు గదా అని దారిపొడుగునా నాలో నేను సంతోషించాను కూడా.

"తాతా, మా బడిలో రాజ్మా గింజలు, మాంసం కలిపి వండి పెడతరు. దాన్ని చిల్లీ అంటరు. అది చేద్దామా?" అన్నాడు మనుమడు.

చిల్లీ అంటే మిరపకాయే. మిరపకాయా, రాజ్మా గింజా రెండూ అమెరికా ఖండంలో పుట్టినవే. అక్కడి వాళ్ళు ఆ రెంటినీ మాంసంతో కలిపి వండుకుంటే వింత లేదు. మన దగ్గర మాత్రం వింతా? పెండ్లిళ్ళలో బగారన్నం పక్కన పోసే దాల్చా ఏమిటి? శనగపప్పు, మేక బొక్కలు, సొరకాయ ముక్కలు, చింతపండు పులుసు. పప్పును, మాంసాన్ని ఒకే గంజులో కలపడం మనకు ఎప్పటినుంచో తెలుసు. సరే చేద్దామన్నాను.

రాత్రి పావుకిలో రాజ్మా నానబోశాను. పొద్దున పోయి అరకిలో కూర తెచ్చాను. (మా దిక్కు ఉత్తగా 'కూర' అంటే మాంసమనే అర్థం. కూరగాయల కూరకు ఆ కాయ పేరు చెప్పాలి.) గింజలు, అవి నానిన నీళ్ళు, మాంసం, ఉల్లిగడ్డలు, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు, చింతపండు రసం అన్నీ ఒక్కసారే కుండలో పోసి, మూతపెట్టి, మీటను 'తక్కువ' గుర్తు మీదికి తిప్పాను. కుండ పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదివాను.

సాయంత్రానికి ఇల్లంతా వాసన. రంగు కూడా బ్రహ్మాండంగా ఉన్నది. మాంసం గంటె తగిలితే విడిపోతున్నది. మా ఇంటావిడ ఒక గింజ నోట్లో వేసుకుని, "ఇంక పలుకున్నది. ఇది ఉడకలేదు, ఇట్ల తినొద్దు," అన్నది.

"అది అమెరికా గింజ. దాని తీరే అంత," అన్నాను నేను.

ఆమె తినలేదు. నేను ఒక గిన్నెడు, మనుమడు రెండు గిన్నెలు తిన్నాం. తిన్నప్పుడు ఏడు గంటలు. తొమ్మిది కాకముందే పిల్లవాడికి కడుపులో తిప్పటం మొదలయింది. వాంతులు ఆగలేదు. వాడి తల పట్టుకుని కూర్చున్న నాకు కూడా అదే పరిస్థితి వచ్చింది. మా ఇంటావిడ ఒక్కతే ఇద్దరినీ చూసుకున్నది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో తాగించింది. డాక్టరుగారు వచ్చి చూసి, నీరసించకుండా నీళ్ళు తాగిస్తూ ఉండమని చెప్పారు. అర్ధరాత్రి దాటాక వాడు నిద్రపోయాడు. తెల్లవారేసరికి లేచి ఆడుకున్నాడు గాని, ఆ మూడు నాలుగు గంటలు నేను పడ్డ భయం ఇప్పటికీ నాకు గుర్తే.

పొద్దున్నే మా అమ్మాయి ఫోను. నా మాటలన్నీ విని, "బాపూ, గింజలను ముందుగాల పొయ్యి మీద మసలబెట్టినవా?" అని ఒక్కటే అడిగింది.

లేదు. కుండతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి చూస్తే, ఎర్ర చిక్కుడు గింజలను ముందు బాగా మరిగించాకనే ఈ కుండలో వేయాలని సన్న అక్షరాలలో అచ్చువేసి ఉన్నది. పరీక్షలో ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లలను నేను ఎంతమందిని కోప్పడ్డానో లెక్కలేదు.

ఇప్పుడు ఆ గింజలో ఏమున్నదో చూద్దాం.

మొక్క కదలలేదు, పారిపోలేదు. తన విత్తనాన్ని పురుగులూ జంతువులూ తినకుండా కాపాడుకోవాలంటే దానికి ఒక మార్గం: విత్తనంలో విషం పెట్టుకోవడం. రాజ్మాలో ఉండే ఈ విషం ఒక మాంసకృత్తు. ఇటువంటి వాటిని లెక్టిన్లు అంటారు. దీని అసలు పేరు ఫైటోహీమగ్లూటినిన్. నోరు తిరగకపోతే దిగులుపడకండి, నాకూ మూడు రోజులు పట్టింది. దీనిని రక్తంలో కలిపితే ఎర్ర కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. కడుపులోకి పోతే పేగు లోపలి పొరకు అతుక్కుని, వాంతులూ విరేచనాలూ కలిగిస్తుంది. పచ్చి రాజ్మా గింజలు నాలుగయిదు తిన్నా చాలు. తిన్న 1 నుంచి 3 గంటలలో బాధ మొదలవుతుంది. 1976లో బ్రిటనులో సెలవులకు విహారానికి పోయిన కొందరు బడిపిల్లలు, రాత్రంతా నానిన రాజ్మాను వండకుండా తిని, గంటా గంటన్నరలోనే వాంతులు చేసుకున్నారు. ఆ తరువాతనే అక్కడి వైద్యులు ఈ గింజ సంగతి శ్రద్ధగా పట్టించుకున్నారు.

మాంసకృత్తు అంటున్నానే, గుడ్డులోని తెల్లసొన కూడా మాంసకృత్తే. వేడి తగిలితే అది గడ్డకట్టి రూపు మారిపోతుంది, మళ్ళీ నీరు కాదు. లెక్టిన్ కూడా అంతే. మరిగే నీళ్ళలో కుతకుత ఉడికితే దాని రూపు చెడిపోయి, ఇక హాని చేయలేదు. పది నిమిషాలు మరిగితే చాలునంటారు. అరగంట మరిగిస్తే ఏ అనుమానమూ ఉండదు. కాని అది మొండి మాంసకృత్తు. 75, 80 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచినా లొంగదు. అంతేకాదు, 80 డిగ్రీల దాకా మాత్రమే వేడి చేసిన గింజలలో విషం పచ్చి గింజలలో కన్న ఎక్కువ కనపడిన పరీక్షలు కూడా ఉన్నాయి.

నా కుండ ఎంత వేడెక్కింది? ఇక్కడ నా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మళ్ళీ వస్తుంది. 120 వోల్టుల కుండకు నేను ఇచ్చినది 110. పది వోల్టులే గదా అని లెక్కచేయలేదు. కాని వేడి లెక్క వేరని నేనే పైన చెప్పాను. 110ని 120తో భాగించి, వచ్చినదానిని దానితోనే గుణించి చూడండి: 0.84. అంటే 200 వాట్ల కుండ 168 వాట్లతో పనిచేసింది. అసలే 'తక్కువ' గుర్తు మీద పెట్టాను, దాంట్లోనూ ఆరోవంతు తగ్గింది. తీగ మాడకుండా కాపాడాను. గింజ ఉడకకుండా కూడా కాపాడాను.

మరి మాంసం ఎందుకు అంత మెత్తగా ఉడికింది? అడగవలసిన ప్రశ్నే. మాంసపు పోగులను కట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ఇంకొక మాంసకృత్తు. ఎక్కువ నడిచే కాళ్ళలో, ఎక్కువ కదిలే మెడలో, కీళ్ళ దగ్గర ఇది ఎక్కువ. అందుకే ఆ ముక్కలు గట్టిగా ఉంటాయి. తడి వేడిలో, 70 డిగ్రీలు దాటిన చోట, గంటల తరబడి ఉంచితే కొల్లాజెన్ మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. పాయ వండిన మర్నాడు గిన్నెలో చారు గడ్డకట్టి వణుకుతూ ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ వణికేది జెలటినే. దీనికి భగ్గున మండే మంట అక్కరలేదు, ఓపిక కావాలి. కనుక ఆ కుండ మాంసానికి మంచి స్నేహితుడు. గింజకు అటువంటిది కాదు. నేను రెంటినీ ఒకే గాటన కట్టాను.

గింజ పలుకుగా ఉండటానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. అది మా ఊళ్ళో పెండ్లిళ్ళకు వండే బావర్చి చెప్పాడు. వయసు మళ్ళినవాడు, వందలమందికి దాల్చా వండిన చెయ్యి. "సార్, మీరు చింతపండు ఎప్పుడు పోసిండ్రు?" అని అడిగాడు. పొద్దున్నే పోశానన్నాను. అతడు నవ్వి, "పులుపు ముందు పడితే పప్పు బిర్రబిగుస్తది. పప్పు మెత్తగ అయినంకనే పులుసు," అన్నాడు.

అతడు చెప్పినది నూటికి నూరు పాళ్ళు రసాయనశాస్త్రం. గింజలో కణాలను ఒకదానికొకటి అతికించే జిగురు పేరు పెక్టిన్. ఆ జిగురు కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపులో అది త్వరగా కరగదు. సున్నం ఎక్కువ ఉన్న నీళ్ళలో కూడా కరగదు. నీటిలోని కాల్షియం వచ్చి జిగురును ఇంకా గట్టిగా బిగిస్తుంది. మా బోరు నీళ్ళు కాచిన గంజులో తెల్లని పెచ్చు కడుతుంది. అదే ఆ కాల్షియం. మాకు మిషన్ భగీరథ నల్లా వచ్చిన తరువాత కందిపప్పు త్వరగా ఉడుకుతున్నదని మా ఇంటావిడ ఎన్నోసార్లు అన్నది, నేను పట్టించుకోలేదు. నానబెట్టే నీళ్ళలో చెంచాడు ఉప్పు వేస్తే అందులోని సోడియం కొంత కాల్షియాన్ని తోసివేసి, తొక్క మెత్తబడటానికి సాయపడుతుంది. వంటసోడా వేస్తే ఇంకా త్వరగా మెత్తబడుతుంది గాని, బి1 విటమిను పాడయిపోతుంది. హోటళ్ళవాళ్ళ తొందర మనకెందుకు?

ఇది మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. పొయ్యి దగ్గర అమ్మనో నాన్ననో ఉండమనండి. రాత్రి నానబోసిన బొబ్బర్లు మూడు చిన్న గిన్నెలలో సమానంగా వేయండి. ఒకదానిలో తాగే నీళ్ళు, రెండవదానిలో బోరు నీళ్ళు, మూడవదానిలో తాగే నీళ్ళూ కొద్దిగా చింతపండు రసమూ పోయండి. మూడింటినీ ఒకే సేపు మరిగించి, చల్లారిన తరువాత ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడండి. బావర్చి మాట మీ వేళ్ళకే తెలుస్తుంది.

ఈ కుండ ఎవరికి తోచిందో తెలుసుకోవాలని నాకు అనిపించింది. దాని వెనక ఒక ముచ్చటైన కథ ఉన్నది. యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా విశ్రాంతి దినంగా పాటిస్తారు. ఆ కాలంలో నిప్పు రాజేయకూడదు. మరి శనివారం మధ్యాహ్నం వేడి భోజనం ఎట్లా? శుక్రవారమే చిక్కుడు గింజలు, మాంసం, యవలు కుండలో పెట్టి, ఊళ్ళో రొట్టెలు కాల్చే కొలిమికి పంపేవారు. రొట్టెలు తీసేసిన తరువాత కొలిమిలో మిగిలిన వేడికి అది రాత్రంతా ఉడికేది. ఆ వంటకం పేరు చోలెంట్. లిథుయేనియాలోని విల్నా పట్టణంలో తాను చిన్నప్పుడు ఆ కుండను కొలిమి దగ్గరికి ఎట్లా మోసుకుపోయేదో ఒక తల్లి అమెరికాలో తన కొడుకుకు చెప్పింది. ఆ కొడుకు ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు. కొలిమి లేకుండా కరెంటుతో ఆ పని చేసే కుండను తయారుచేసి 1940లో పేటెంటు పొందాడు. గింజలు వండేది కనుక దానికి 'నాక్సన్ బీనరీ' అని పేరు పెట్టాడు. 1970లో రైవల్ అనే కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడు దానినే 'క్రాక్‌పాట్' అనే పేరుతో అమ్మింది. అది అమెరికాలో ఇంటింటికీ చేరింది.

చూశారా, ఈ కుండ పుట్టిందే గింజలూ మాంసమూ వండటానికి! మరి కొలిమిలో పెట్టిన కుండకు లేని ప్రమాదం నా కుండకు ఎందుకు వచ్చింది? చాలా రోజులు నాకు ఇది తెగలేదు. ఒకనాడు బియ్యం మిల్లు దగ్గర నిలబడి ఉండగా తట్టింది.

రొట్టెలు తీసిన కొలిమి నీరు మరిగే వేడిని మించిపోయి ఉంటుంది. కుండ అందులోకి పోగానే మరుగుతుంది. తరువాత తెల్లవారేదాకా మెల్లగా చల్లారుతుంది. అంటే వేడి పైనుంచి కిందికి దిగుతుంది. హైదరాబాదు హలీం సంగతి చూడండి. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంజాను నెలలో ఇటుకలూ మట్టితో కట్టిన భట్టీలలో గోధుమలు, పప్పులు, మాంసం కలిపి, కట్టెల మంటమీద 12 గంటల దాకా ఉడికిస్తారు. కట్టెతో చేసిన ఘోట్నీలతో ఎనుపుతూనే ఉంటారు. అక్కడా మొదట గట్టి మంట, తరువాత నిప్పుల వేడి. మన పాత ఇండ్లలో పాలు కాగే దాలి కూడా అంతే. పిడకలు రాజుకుని, తరువాత బూడిదకింద నిప్పు కునికేది. పాత పద్ధతులన్నిటిలో వేడి పైనుంచి కిందికి దిగేది. కరెంటు కుండలో అది కిందినుంచి పైకి ఎక్కుతుంది, అదీ నత్తనడకన. మరిగే మెట్టుకు ఎంత ఆలస్యంగా చేరుతుందో, అసలు చేరుతుందో లేదో చెప్పలేం. మా అవ్వ అనుములు వండేటప్పుడు మొదట ఒక పొంగు పొంగనిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, కొత్తనీళ్ళతో మళ్ళీ మసలబెట్టేది. కట్టెలు దండుగ చేస్తున్నదని నేను కాలేజీ చదువుకునే రోజులలో ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. ఎండు అనుములకు కూడా అది చాలా అవసరమైన పని అని ఇప్పుడు తెలిసింది.

బియ్యం మిల్లు దగ్గర ఎందుకు తట్టిందో చెప్పాలి. సుల్తానాబాద్‌లో బియ్యం మిల్లులు ఎక్కువ. మా ఊరు 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, అప్పటినుంచి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. జిల్లా మారినా మిల్లుల చప్పుడు మారలేదు. ఆ మిల్లుల వెనక ఊక గుట్టలు. ఊక పొట్టు పొట్టుకూ మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. చిక్కుకున్న గాలి వేడిని త్వరగా పోనివ్వదు. చలికాలంలో గొంగడి కప్పుకుంటే వెచ్చగా ఉండటానికి కూడా ఇదే కారణం. 1867లో ప్యారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో నార్వే వాళ్ళు ఒక పెట్టెను చూపించారు. మరిగే కుండను అందులో పెట్టి మూస్తే, మంట లేకుండానే వంట పూర్తయ్యేది. తరువాత చాలామంది పెట్టెలో ఎండుగడ్డి కూరి ఇటువంటి దానిని ఇంట్లోనే చేసుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటనులో వంటచెరకు పొదుపుకోసం దీనిని వాడారు. మన దేశంలో కలకత్తా డాక్టరు ఇందుమాధవ్ మల్లిక్ 1910లో చేసిన 'ఇక్మిక్ కుక్కర్' వేరే రకం. అడుగున కొద్దిగా బొగ్గులు రాజేసి, పైన గిన్నెలలో అన్నం, పప్పు, మాంసం పెట్టి పనికి పోయి వస్తే భోజనం సిద్ధం. తొందర లేని కుండ మన దేశానికి కొత్తదేమీ కాదు.

వాళ్ళ దగ్గర ఎండుగడ్డి ఉంటే మా దగ్గర ఊక ఉన్నది. మా వాడలో పిల్లలను నలుగురిని పోగుచేశాను. పెద్ద వెదురు గంప, పాత దిండు గలీబులు నాలుగు, మిల్లు నుంచి బస్తాడు ఊక. గలీబులలో ఊక నింపి కుట్టాం. ఒకటి గంప అడుగున, రెండు చుట్టూ, ఒకటి పైన. అయిదు లీటర్ల గంజులో నీళ్ళు మరిగించి, మూత గట్టిగా పెట్టి, బట్టతో చుట్టి అందులో దించాం. నాలుగు గంటల తరువాత థర్మామీటరు పెట్టి చూస్తే 70 డిగ్రీలు దాటే ఉన్నది. అదే గంపలో ఒక లీటరు గిన్నె పెడితే 60 కన్న కిందికి పడిపోయింది. పెద్ద గంజు కన్న చిన్న గిన్నెకు, పట్టే నీటితో పోలిస్తే, చుట్టూ గోడ ఎక్కువ. వేడి పోయేది గోడనుంచే గదా! అందుకని ఇటువంటి పెట్టెలో ఎప్పుడూ గంజు నిండుగా ఉండాలి. 60 అనే అంకె ఎందుకు ముఖ్యమంటే, అంతకన్న కిందికి దిగిన మాంసంలో క్రిములు మళ్ళీ పెరగటం మొదలుపెడతాయి. గోరువెచ్చటి కూర వాటికి పండుగ. కరెంటు కుండకూ ఇదే భయం. మధ్యలో కరెంటు పోయి గంటలకొద్దీ రాకపోతే, ఆ కూర మీద ఆశ వదులుకోవాలి.

పదిహేను రోజుల తరువాత మళ్ళీ వండాం. ఈసారి మా ఇంటావిడ చెప్పింది, నేను చేశాను.

పావుకిలో రాజ్మాను రాత్రి ఉప్పు నీళ్ళలో నానబోసి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, రెండుసార్లు కడిగాను. పాత గింజలు కావని ముందే దుకాణంలో అడిగి తెచ్చాను. మా రామగుండం దిక్కు ఎండలకు సంవత్సరాల తరబడి డబ్బాలో మగ్గిన గింజ ఎంత ఉడికించినా రాయిలాగే ఉంటుంది. కొత్త నీళ్ళు పోసి పొయ్యి మీద అరగంట కుతకుత మరిగించాను. సుల్తానాబాద్‌లో నీరు దాదాపు 99 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అది చాలు. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో అయితే 88 దగ్గరనే మరుగుతుంది. అక్కడ ప్రెషర్ కుక్కర్ తప్పదు. అందులో వేడి 100 దాటి పైకి పోతుంది.

ఇంకొక పొయ్యి మీద మూడు చెంచాల నూనెలో రెండు పెద్ద ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి, అరకిలో బొక్కల మాంసం వేసి నీరు ఇగిరి రంగు తిరిగేదాకా వేయించాను. ఈ పని కుండ చేయలేదు. తడిలో ఉన్నంతసేపు మాంసం 100 దాటదు, 100 దాటనిదే ఆ ఎర్రటి రంగూ కమ్మటి వాసనా రావు. అప్పుడు గింజలు, మాంసం, ఉప్పు, గింజలు మునిగి ఒక అంగుళం పైకి వచ్చేటట్టు మరిగే నీళ్ళు కలిపి, వేడివేడిగానే కుండలో పోశాను. ఒక గంట 'ఎక్కువ' మీద, తరువాత ఆరు గంటలు 'తక్కువ' మీద. మధ్యలో మూత తీయలేదు. తీసినప్పుడల్లా పోయిన వేడి తిరిగి రావటానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. చివర అరగంట ఉందనగా నిమ్మకాయంత చింతపండు రసం, దించేముందు కొత్తిమీర.

ఇంట్లో ఇటువంటి కుండ లేనివాళ్ళు దిగులుపడనక్కరలేదు. గింజలు మరిగి, మాంసం వేగాక, అన్నీ కలిపి అడుగు మందంగా ఉన్న గంజులో పొయ్యిమీద ఇంకొక పావుగంట ఉడికించి, కుతకుతలాడుతుండగానే ఊక గంపలో దించండి. మూడు గంటలకొకసారి తీసి మళ్ళీ ఒక పొంగు రానిచ్చి లోపల పెట్టండి. మరిగే గంజు ఎత్తటం పెద్దవాళ్ళ పని. ఊక గలీబులు కుట్టటం మీ పని. మిగిలిన కూరను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు పొయ్యిమీదనే మరిగించి తినాలి గాని, ఈ కుండలో వెచ్చబెట్టకూడదు.

రాత్రి పళ్ళెంలో జొన్నరొట్టె, గిన్నెలో కూర పెట్టి మనుమణ్ణి పిలిచాను. వాడు వచ్చి కూర్చుని, గిన్నెలోంచి ఒక గింజ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాడు. గింజ మెత్తగా చిదిగింది. ఇంకొకటి తీసి మళ్ళీ నొక్కాడు. తరువాత వాళ్ళ అమ్మమ్మ వైపు చూశాడు, నా వైపు కాదు. ఆమె తల ఊపిన తరువాతనే రొట్టె తుంచాడు.